బాల్కనీలో ప్లాస్టిక్ బొమ్మరిల్లు: చాలాకాలం వాడాక

పిల్లలకి బొమ్మరిల్లు కొనేటప్పుడు రంగులూ, కాలింగ్ బెల్లూ పక్కన పెట్టి ముందు కిటికీ వెడల్పు చూడండి. మా ఇంట్లో ఎక్కువకాలం పనికొచ్చింది అదే.

మొదట్లో అంతా గుజ్జనగూళ్లే. ఏటికొప్పాక లక్కపిడతలతో లోపల వంట, తలుపు దగ్గర అతిథి మర్యాదలు. తర్వాత ఆ కిటికీ టిఫిన్ బండి అయింది, మందుల షాపయింది, రైల్వే టికెట్ కౌంటరయింది. బెల్లు మాత్రం బ్యాటరీ అయిపోయాక ఎవరికీ గుర్తే రాలేదు.

పాప తల కప్పుకి తగలడం మొదలయ్యాక ఇల్లు కాస్తా నాటకశాల అయింది. కిటికీకి తెల్ల పంచె బిగించి, వెనక ఎల్‌ఈడీ లైటు పెట్టి, అట్టముక్కలతో తోలుబొమ్మలాట. కూర్చుని ఆడించేదే కాబట్టి ఎత్తు సమస్య కాలేదు. మా మామయ్యగారు సురభి నాటకాలంటే ప్రాణం పెడతారు. ఆ నాటక సమాజం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతోనే మొదలైందని ఆయన చెప్పగానే పిల్లలకి కీచకుడు కావాల్సి వచ్చాడు. బొమ్మని తెరకి ఆనిస్తే నీడ స్పష్టంగా పడుతుందనీ, లైటు వైపు జరిపితే పెద్దదవుతుందనీ వాళ్లే కనిపెట్టారు. కీచకుడు తెర నిండా వచ్చిన రోజు "తాతయ్యా, భయమేసిందా?" అని అడిగిన ఆ గొంతు కోసం ఎంత డబ్బు పెట్టినా తక్కువే అనిపించింది.

ఇక వైజాగ్ గాలి సంగతి. మాది ఎంవీపీ కాలనీ. బొమ్మరింటితో వచ్చిన స్క్రూలు ఉప్పుగాలికి తుప్పుపట్టి దాని గోడల మీద మరకలు పడ్డాయి. అన్నీ తీసేసి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేశాం. పడమటి ఎండకి ఎర్ర కప్పు వెలిసిపోయింది. పలకలు లోపల డొల్లగా ఉంటాయి, వానాకాలంలో నీళ్లు చేరి దోమలు గుడ్లు పెడతాయి. అప్పుడప్పుడూ ఒంచి కారబోయాలి. తలుపు బందు విరిగితే కంపెనీవాళ్లు విడిగా దొరకదన్నారు, అది మాత్రం చాలా అన్యాయం.

తేలిక సామాను కాబట్టి గాలికి ఎగిరే ప్రమాదం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవాళ్లం, తుపాను హెచ్చరిక రాగానే విప్పి లోపల పెట్టేస్తాం. ఇద్దరుంటే పెద్ద పనేం కాదు.

బాల్కనీ లేని ఫ్లాటయితే మడతపెట్టే గుడ్డ టెంటే మేలు. అందులోనూ తెర కట్టడానికి వీలయ్యే కిటికీ ఉన్నదే తీసుకోండి.