బెంజ్ సర్కిల్ దగ్గర స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ కన్సల్టెన్సీ: పేపర్లు బాగా చూస్తారు, కాలేజీల లిస్టే పాతది (5కి 3)

పిల్లల్ని ఆట మీద అమెరికా కాలేజీకి పంపుదామనుకునే తల్లిదండ్రులు మన ఊళ్ళో ఇంకా ఉంటారు కదా, వాళ్ళ కోసం రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, తొమ్మిదో ఏట నుంచి టెన్నిస్ ఆడుతోంది, 2026 ఆగస్టులో అక్కడ డిగ్రీలో చేరాలని ప్లాన్. మన విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు, సహజ యమలపల్లి టెక్సాస్‌లో సామ్ హ్యూస్టన్ స్టేట్‌కి ఆడింది, అంటే దారి ఉంది, చేయి పట్టుకుని నడిపించేవాళ్ళు కావాలి అంతే. తెలిసినవాళ్ళు చెబితే బెంజ్ సర్కిల్ దగ్గర ఈ ఆఫీసుకి వెళ్ళాం. పేరు రాయట్లేదండి, వాళ్ళని బజారుకీడ్చాలని కాదు నా ఉద్దేశం.

ముందు బాగున్నది చెప్తా. పేపర్ వర్క్‌లో వీళ్ళకి వంక పెట్టలేం. అక్కడ కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, దాని ఎలిజిబిలిటీ సెంటర్‌కి తొమ్మిదో తరగతి నుంచి మార్కులు పంపాలి, మా అమ్మాయి తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద స్కూల్ ముద్ర సగమే పడింది, నేను గమనించలేదు, అక్కడ అబ్బాయి లైటు కింద పెట్టి చూసి వెంటనే పట్టుకున్నాడు, ఆ రోజే స్కూలుకి పంపించి మళ్ళీ ముద్ర వేయించాడు. వీడియో కూడా శ్రద్ధగా తీశారు. కోర్టు వెనక స్టాండు పెట్టి, మంచి షాట్లు మాత్రమే ఏరి పెట్టొద్దు, రెండు గేములు మొత్తం ఉంచుదాం, పాయింటు పోయాక పిల్ల ఎలా నిలబడుతుందో కూడా కోచ్‌లు చూస్తారు అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

తేడా వచ్చింది కాలేజీల లిస్టు దగ్గర. స్పైరల్ బైండింగ్ చేసిన ఫైల్ ఇచ్చారు, నున్నటి పేపరు, కలర్ ప్రింటు, ఒక్కో కాలేజీ పక్కన కాన్ఫరెన్స్ పేరు. మా అమ్మాయి రెండో పేజీలోనే ఆగిపోయింది. అమ్మా, స్టాన్‌ఫర్డ్ ఇంకా పాక్-12లో ఉన్నట్టు రాశారేంటి, ఎప్పుడో ఏసీసీకి వెళ్ళిపోయింది కదా అంది.

కాన్ఫరెన్స్ అంటే తెలియనివాళ్ళకి చెప్తా. మన దగ్గర ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి సౌత్ జోన్, నార్త్ జోన్ అని ఉంటాయి, నాగార్జున యూనివర్సిటీ ఎక్కడుందో చూసి ఏ జోనో చెప్పేయొచ్చు. అక్కడ కాన్ఫరెన్స్ అనేది జోన్ కాదు, సభ్యత్వం. ఉన్న సభ్యులు ఓటేసి కొత్తవాళ్ళని చేర్చుకుంటారు. సీజన్‌లో ఆడే మ్యాచ్‌ల్లో పెద్ద వంతు ఆ సభ్యులతోనే కాబట్టి మన పిల్ల నాలుగేళ్ళు ఎక్కడెక్కడికి తిరగాలో తేల్చేది ఆ ఓటే. చేర్చుకునేటప్పుడు ముఖ్యంగా చూసేది ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) టీవీ డబ్బు, ఎన్ని ఇళ్ళలో చూస్తారు, ఎంత పెద్ద పేరు అని. బిగ్ టెన్ లాంటిది చదువు స్థాయి కూడా చూస్తుంది. టెన్నిస్ టీమ్‌ని అడిగేదేం ఉండదు, ఫుట్‌బాల్ ఎటు పోతే మామూలుగా మిగతా ఆటలూ అటే.

2024లో అలాగే అంతా తలకిందులైంది. పాక్-12 నుంచి యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి వెళ్ళి అది 18 కాలేజీలు అయింది, పేరు మాత్రం ఇంకా టెన్. టెక్సాస్, ఓక్లహోమా ఎస్‌ఈసీకి వెళ్ళాయి. పాక్-12 నుంచే కొలరాడో, యూటా, అరిజోనా, అరిజోనా స్టేట్ బిగ్ 12లో చేరాయి. స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీ), ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్)లని ఏసీసీ 2023 సెప్టెంబర్ 1న ఓటేసి తీసుకుంది, 15 మందిలో 12 ఓట్లు కావాలి, సరిగ్గా 12 పడ్డాయి, అందులో ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్ళు టీవీ డబ్బులో వాటా వద్దని ఒప్పుకుని మరీ చేరింది. ఏసీసీ అంటే అట్లాంటిక్ కోస్ట్, స్టాన్‌ఫర్డ్ ఉన్నదేమో పసిఫిక్ వైపు! బోస్టన్ కాలేజీతో మ్యాచ్ పడితే దేశం ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు వేల కిలోమీటర్ల పైన, గడియారం మూడు గంటలు తేడా.

స్టాన్‌ఫర్డ్ మా పిల్లకి అందేది కాదు, ఆ తప్పు వరకే అయితే వదిలేసేదాన్ని. కానీ మేం నిజంగా అప్లై చేద్దామనుకున్న వాటిలో టెక్సాస్ స్టేట్ ఉంది, ఫైల్‌లో సన్ బెల్ట్ అని ఉంది. 2026 జూలై 1 నుంచి అది పాక్-12. ఎందుకు తీసుకున్నారంటే అందరూ వెళ్ళిపోయాక పాక్-12లో ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి, తర్వాత బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్, యూటా స్టేట్ వచ్చి ఏడయ్యాయి, గొంజాగా కూడా వస్తోంది గానీ దానికి ఫుట్‌బాల్ టీమే లేదు, పై స్థాయి ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌గా నిలబడాలంటే కనీసం ఎనిమిది టీములు ఉండాలి. ఆ ఎనిమిదోది టెక్సాస్ స్టేట్. మరి మా అమ్మాయి చేరేది ఆగస్టులో, అంటే సన్ బెల్ట్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడదు!

ఇదే అడిగితే పెద్ద సార్, కాన్ఫరెన్స్ ఏదైతే ఏంటి మేడమ్, స్కాలర్‌షిప్ వస్తే చాలు కదా అన్నారు. నాకు చాలా బాధేసింది. పిల్ల వెళ్ళేది ఆట కోసమే కాదు, కంప్యూటర్ సైన్స్ చదవడానికి, ల్యాబులు ఎన్ని పోతాయో నాకు తెలియాలి. పైగా అదే ఫైల్‌లో అమ్మాయిల టెన్నిస్‌కి ఎనిమిది ఫుల్ స్కాలర్‌షిప్‌లు అని ఉంది, అది పాత రూలు. ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్ తర్వాత అందులో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల లెక్క పోయి టీమ్‌లో పది మందే ఉండాలనే లెక్క వచ్చింది. ఎంతమందికి ఎంత ఇస్తారో ఇప్పుడు ఆ కోచ్‌నే అడగాలి.

అక్కడే ఒక చిన్నమ్మాయి కౌన్సెలర్ ఉంది, సార్ లేచి వెళ్ళాక తను గోడ మీదున్న అమెరికా మ్యాప్ దగ్గరకి మమ్మల్ని తీసుకెళ్ళింది. పెన్సిల్‌తో టెక్సాస్ స్టేట్ ఉన్న శాన్ మార్కస్ దగ్గర చుక్క పెట్టి ముందు లూసియానా, అలబామా వైపు గీతలు గీసింది, ఇవి పాత రూట్లు ఆంటీ, లూసియానా వరకైతే బస్సులో వెళ్ళిపోవచ్చు అంది. తర్వాత ఐడహో, యూటా, పైన వాషింగ్టన్ రాష్ట్రంలో పుల్‌మన్ దాకా గీసింది. పుల్‌మన్ గీత మ్యాప్ సగం దాటింది. మా అమ్మాయి వేలుతో ఆ గీత వెంట వెళ్ళి, పర్లేదమ్మా, కానీ గురువారం ల్యాబ్ ఉంటే ఏం చేస్తారో కోచ్‌ని అడుగుతా అంది. ఆ రాత్రే మెయిల్ పెట్టింది, మూడో రోజుకి కోచ్ దగ్గర నుంచి వివరంగా జవాబొచ్చింది, ప్రయాణంలో చదువు చూసుకునే ట్యూటర్ గురించి కూడా రాశారు. ఇన్ని నెలల్లో మాకు పనికొచ్చిన కబురు అదే.

కాబట్టి మార్కుల పేపర్లు, వీడియో, ఫారాల వరకు వీళ్ళ దగ్గరకి ధైర్యంగా వెళ్ళండి, కాలేజీ ఎంపిక మాత్రం లిస్టు చూసి చేయొద్దు, మీ పిల్ల చేరే ఏడాదికి ఆ కాలేజీ ఏ కాన్ఫరెన్స్‌లో ఉంటుందో కాలేజీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. వెళ్తే ఆ చిన్నమ్మాయి ఉన్న టైమ్ అడిగి వెళ్ళండి. ఫీజు రెండు వాయిదాలు, రెండోది నేనింకా కట్టలేదు, ఫైల్ సరిచేసి ఇచ్చిన రోజు కడతానని చెప్పొచ్చాను.