సెంటర్‌పిన్ రీల్‌కి కొత్త బేరింగులు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఖరీదైన బేరింగులు వేస్తే, చేపల గాలానికి లైను చుట్టి ఉంచే సెంటర్‌పిన్ రీల్ మారిపోతుందా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను. రీల్‌తో వచ్చిన బేరింగులు బాగానే ఉంటే, వాటిని శుభ్రంగా కడిగి ఒక చుక్క పల్చటి ఆయిల్ వేయండి. ముప్పాతిక వంతు పని అక్కడే అయిపోతుంది. కంపెనీ బేరింగులు, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, సిరామిక్ గోళీలున్నవి మూడూ ఒకే రీల్‌లో మార్చి మార్చి ఏళ్ల తరబడి వాడాను. తేడా లేదని అనను. అమ్మేవాళ్లు చూపించే చోట మాత్రం ఆ తేడా లేదు.

నేనుండేది కెనడాలో, టొరంటో పక్కనున్న మిసిసాగాలో. క్రెడిట్ నది మా ఊరి మీదుగానే వెళ్లి పోర్ట్ క్రెడిట్ దగ్గర ఒంటారియో సరస్సులో కలుస్తుంది. వీలు చిక్కినప్పుడు పోర్ట్ హోప్ దాకా వెళ్లి గనరాస్కా నదిలో కూడా గాలం వేస్తాను. రెండు చోట్లా స్టీల్‌హెడ్ అనే చేప కోసమే. అది రెయిన్‌బో ట్రౌటే, కాకపోతే పెద్ద నీళ్లలోకి పోయి పెరిగి, గుడ్లు పెట్టడానికి మన పులసలా నదికి ఎదురెక్కుతుంది. దాని సొంత చోటు పసిఫిక్ తీరం. 19వ శతాబ్దం చివర్లో తెచ్చి ఈ గ్రేట్ లేక్స్‌లో వదిలారు. ఇక్కడి చేపకి సరస్సే సముద్రం.

సెంటర్‌పిన్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఇందులో గేర్లు ఉండవు, డ్రాగ్, అంటే లైనుని ఆపే బ్రేకు, ఉండదు. ఒక ఇరుసు, దాని మీద నాలుగున్నర అంగుళాలు అటూ ఇటూగా ఉండే చక్రం, అంతే. బెండు నీటివాలుకి పోతుంటే ఆ లాగుడుకే చక్రం తిరిగి లైను వదలాలి. చేప పడ్డాక చక్రం అంచుకి అరచెయ్యి ఆనించి ఆపుకోవాలి. ఇంగ్లండ్‌లో ట్రెంట్ నది మీద, నాటింగ్‌హామ్ చెక్క రీళ్లతో పేరు తెచ్చుకున్న పద్ధతి ఇది. ఒంటారియోలో స్టీల్‌హెడ్ పట్టేవాళ్లు దీన్ని తమదిగా చేసుకున్నారు.

ఇందులో బేరింగ్ చేసే మేలేంటో తెలియాలంటే బెండును చూడాలి. మడుగు చివర, నీళ్లు నెమ్మదించే చోట, చక్రం బిగుసుకుని ఉంటే బెండు కొన ఎగువకి వాలుతుంది. వెనక సన్నటి చార పడుతుంది. అంటే లైను దాన్ని లాగుతోందన్నమాట. అడుగున ఉన్న ఎర, అంటే చేప గుడ్ల పొట్లం, పైకి లేచిపోతుంది. మరుక్షణం చక్రం ఒక్కసారిగా వదిలేస్తుంది, బెండు నిటారుగా లేస్తుంది, మళ్లీ వాలుతుంది. చల్లటి నీళ్లలో స్టీల్‌హెడ్ పెద్దగా కదలదు, ఎర తన ముక్కు ముందుకి తిన్నగా రావాలి. ఇలా గెంతుతూ వచ్చే ఎరని అది పట్టించుకోదు.

బెండుని కొంచెం ఆపడం అవసరమే. అడుగు నీళ్లు పైనీళ్లంత జోరుగా పోవు కాబట్టి, బెండుని కాస్త వెనక్కి పట్టి ఎరని ముందు నడిపించాలి. కాకపోతే ఆ ఆపడం నా వేలు చేయాల్సిన పని. ఎంత ఆపాలో, ఎక్కడ వదలాలో నేను తేల్చుకోవాలి. బేరింగ్ తనంతట తాను ఆపితే ఆ పట్టు నా చేతిలో ఉండదు. బేరింగుల మీద డబ్బు పెట్టడానికి నాకు కనిపించే కారణం ఇదొక్కటే.

నది ఒడ్డున తెలుగువాళ్లు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఇంకోటి.

"అన్నా, నీ రీల్ ఒకసారి తిప్పితే ఎంతసేపు తిరుగుద్ది?"

"అది కాదు తమ్ముడూ, కదలడానికి ఎంత బరువు కావాలో అడుగు" అంటాను.

వీడియోల్లో చేత్తో గట్టిగా కొట్టి నిమిషాల తరబడి తిప్పి చూపిస్తారు. అంచు బరువుగా ఉన్న చక్రం అదే బేరింగ్ మీద కూడా ఎక్కువసేపు తిరుగుతుంది, ఊపు దాచుకుంటుంది కాబట్టి. ఆ బరువే నెమ్మది నీళ్లలో చక్రాన్ని కదలనివ్వదు. నదిలో చక్రాన్ని ఎవరూ కొట్టరు, నిలబడి ఉన్న చక్రాన్ని బెండు మెల్లగా లాగాలి. అందుకని నేను ఇంట్లో చేసే పరీక్ష వేరు. రీల్‌ని రాడ్‌కి బిగించి, లైన్‌ని రింగుల్లోంచి కాకుండా నేరుగా కిందికి వదిలి, కొనకి ఒక పేపర్ క్లిప్ కడతాను. చక్రం దానంతటదే కదిలితే బాగున్నట్టు. కదలకపోతే ఇంకో క్లిప్. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పి వేర్వేరు చోట్ల నిలిపి మళ్లీ చూస్తాను. ఎక్కడ నిలిపినా ఒకేలా కదలాలి. లైను కట్టకుండా వదిలినప్పుడు పిడులు ఎప్పుడూ ఒకే చోటికి వచ్చి ఆగుతుంటే అది చక్రం బ్యాలెన్స్ సమస్య, బేరింగులు మార్చి లాభం లేదు.

ఈ పరీక్షలో నాకు కనిపించిన పెద్ద తేడా కొత్త బేరింగులతో రాలేదు, గ్రీజు తీసేయడంతో వచ్చింది. మామూలు బేరింగులు మోటార్లలో నిమిషానికి వేల చుట్లు తిరగడానికి చేస్తారు, గ్రీజు కూడా దానికి తగ్గదే పెడతారు. మన చక్రం బెండు వేగంతో తిరుగుతుంది. ఆ నెమ్మదికి గ్రీజు జిగురులా అడ్డుపడుతుంది, చలిలో మరీనూ. బేరింగ్ పక్క మూతని పట్టుకున్న సన్నటి తీగ రింగుని సూదితో లేపి, మూత తీసి, బేరింగ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి ఆడిస్తే మురికి కిందికి దిగుతుంది. రెండోసారి కొత్త ఆల్కహాల్ పోయండి. కిటికీలు తెరిచి, స్టవ్‌కి దూరంగా చేయండి. బాగా ఆరాక ఒకే ఒక చుక్క పల్చటి ఆయిల్. రెండో చుక్క వేస్తే పేపర్ క్లిప్ పరీక్షలోనే తెలిసిపోతుంది. ఆరడానికి గాలి గొట్టం పెట్టి బేరింగ్‌ని గిర్రున తిప్పకండి, ఆయిల్ లేకుండా అంత వేగంగా తిరిగితే గోళీలు దెబ్బతింటాయి.

కడిగిన తర్వాత వేలికి తొడిగి మెల్లగా తిప్పండి. ఇసుక రాసుకున్నట్టు గరగరమంటే మళ్లీ కడగండి. అప్పటికీ పోకపోతే ఆ బేరింగ్ పని అయిపోయినట్టే. మార్చాల్సింది అప్పుడు.

ఏం కొనాలి? ఏబెక్ 7, ఏబెక్ 9 అన్న అంకెలకి మురిసిపోకండి. కొలతల్లో, గుండ్రంగా తిరగడంలో ఎంత ఖచ్చితత్వం ఉందో చెప్పే గ్రేడ్ అది. ఏ లోహం, ఏ ఆయిల్, ఏ మూత అన్నది దాంట్లో లేదు. మంచి ఏబెక్ 3 బేరింగ్ గ్రీజు లేకుండా ఉంటే, గ్రీజు కుక్కిన ఏబెక్ 7 కంటే నదిలో మేలు. నేను చూసేవి రెండే: తుప్పుని తట్టుకునే గట్టి రకం 440సీ స్టెయిన్‌లెస్ స్టీలా కాదా, మూత రబ్బరుదా లోహపుదా. లోపలి రింగుకి రాసుకునే రబ్బరు మూత నీటిని బాగా ఆపుతుంది, చక్రాన్ని కూడా ఆపుతుంది. లోహపు మూత ఎక్కడా రాసుకోదు. నేను రెండు బేరింగులకీ బయటివైపు లోహపు మూత ఉంచి, లోపలివైపుది తీసేస్తాను. ఇసుక రాదు, ఆయిల్ వేయడానికీ వీలు.

కొనేముందు పాతదాన్ని వెర్నియర్‌తో కొలవండి, ఇది మాత్రం వదిలేయొద్దు. 688 అని రాసి ఉంటే లోపలి రంధ్రం 8, బయటి అంచు 16 మిల్లీమీటర్లు. మందం మాత్రం మూతలు లేనిదైతే 4, ఉన్నదైతే 5. అంగుళాల కొలతతో చేసిన రీళ్లలో ఆర్4 ఉంటుంది. దాని బయటి అంచు అంగుళంలో ఐదు ఎనిమిదో వంతులు, అంటే 15.875 మిల్లీమీటర్లు. దాదాపు 16 కదా అని 688 తెచ్చి ఆ గూట్లోకి కొట్టి దూర్చితే బయటి రింగు నొక్కుకుపోతుంది, ఎంత ఖరీదైన బేరింగ్ అయినా బిగుసుకుంటుంది. సరైన కొలతదే అయినా, బిగించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తాలి. లోపలి రింగు మీద ఒత్తితే ఆ బలమంతా గోళీల మీద పడి, అవి తిరిగే దారిలో గుంటలు పడతాయి. రెండు బేరింగుల మధ్య ఉండే స్పేసర్ గొట్టాన్ని మర్చిపోకుండా మళ్లీ పెట్టండి. అది లేకుండా ఇరుసు స్క్రూ బిగిస్తే రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి.

ఇక సిరామిక్ సంగతి. హైబ్రిడ్ అని అమ్మేవాటిలో గోళీలు మాత్రమే సిలికాన్ నైట్రైడ్, రింగులు స్టీలే. గోళీలు తేలిక, తుప్పు పట్టవు, ఆయిల్ ఆరిపోయినా తిరుగుతూనే ఉంటాయి. నాకు నచ్చింది ఆ చివరి గుణం. నవంబర్ చలిలో, వాన తుంపరలో వరసగా వాడినా స్టీల్ వాటిలా ఊరికే తీసి ఆయిల్ వేయాల్సిన పని లేదు. పేపర్ క్లిప్ పరీక్షలో అయితే శుభ్రంగా కడిగిన స్టెయిన్‌లెస్ జత పక్కన పెడితే తేడా పట్టడం కష్టం. పైగా ఆయిల్ లేకుండా తిరిగితే అవి చేసే శబ్దం నాకు అస్సలు నచ్చదు. ఒక షాపులో కొన్న చవక హైబ్రిడ్ జతకి గోళీలు మెరుస్తూనే ఉన్నాయి, రింగులు మాత్రం తుప్పుపట్టి గుంటలు పడ్డాయి. లోపలి స్టీల్ మామూలు క్రోమ్ స్టీల్. సిరామిక్ అన్న మాట చూసి కొనకండి, రింగులు ఏ స్టీలో అడగండి.

బేరింగులకి డబ్బు పెట్టే ముందు ఖర్చు లేని పని ఒకటి ఉంది. లైను తక్కువగా చుట్టి ఉంటే కింద బ్యాకింగ్, అంటే అడుగున నింపడానికి చుట్టే వేరే లైను, వేసి చక్రం నిండుగా చేయండి. లైను ఇరుసుకి ఎంత దూరం నుంచి లాగితే అంత తేలిగ్గా చక్రం కదులుతుంది. మా ఫ్రెండ్ రీల్‌కి బేరింగ్ ముట్టుకోకుండా ఇదొక్కటే చేశాం, కదలడానికి ఒక క్లిప్ తక్కువ పట్టింది.

మరీ స్వేచ్ఛగా తిరగడం అందరికీ మంచిది కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు గాలి రోజున వేలు తీస్తే లైను గుట్టగా ఊడి పిడులకి చుట్టుకుంటుంది. జోరు నీళ్లలో, బరువు బెండుతో వేసేవాళ్లకి కంపెనీ బేరింగ్ సరిపోతుంది, నీళ్లే లాగేస్తాయి. మార్చినదాని ఫలం కనిపించేది తేలిక బెండుతో, నెమ్మది నీళ్లలో.

సున్నా కంటే దిగువ చలిలో ఇంకో గొడవ. చక్రానికీ వెనక పలకకీ మధ్య చేరిన నీటి బొట్టు గడ్డకడితే ఏ బేరింగూ మిమ్మల్ని కాపాడదు. రీల్‌ని నీళ్లలో ముంచకుండా చేపని వదలడం అలవాటు చేసుకోండి. ఇంటికి రాగానే చక్రం తీసి, రెండు ముక్కలూ విడివిడిగా ఆరబెట్టండి.

పాత ఇంగ్లీషు రీళ్లలో బేరింగులే లేని రకం ఉంది, చక్రం నేరుగా పిన్ను కొన మీద తిరుగుతుంది. అలాంటిది మీ దగ్గరుంటే బేరింగులు పెట్టించే ఆలోచన మానుకోండి. పిన్నునీ అది తిరిగే రంధ్రాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, కొనకి చిన్న చుక్క ఆయిల్ అంటించి, కొన దగ్గరి స్క్రూ పావు చుట్టు అటూ ఇటూ తిప్పి పేపర్ క్లిప్‌తో చూసుకోండి.