మెంఫిస్‌లో చిన్న అక్షరాలు

అమెరికాలో మెంఫిస్ వెళ్లొచ్చాం, అక్కడ తెలిసిన ఒక పాటల రచయిత గురించి రాయాలని కూర్చున్నాను. ముందు హోటల్ సంగతి చెప్పేస్తాను. అది కడుపులో పెట్టుకుని మిగతాది రాయడం నా వల్ల కాదు.

డాలస్ నుంచి మెంఫిస్ దాదాపు 450 మైళ్లు. లిటిల్ రాక్ దాకా ఐ-30 హైవే, అక్కడి నుంచి ఐ-40. నేను, మా ఆవిడ, హైస్కూల్‌లో చదివే మా అమ్మాయి, రెండు నెలల కోసం తెనాలి నుంచి వచ్చిన నాన్న. దారిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి డౌన్‌టౌన్‌లో దిగాం.

ఆన్‌లైన్‌లో చూపించిన ధర రాత్రికి 149 డాలర్లు. రెండు రాత్రులకి 298 అనుకున్నాం. చివరికి కట్టింది 525 డాలర్ల 80 సెంట్లు. పార్కింగ్ రోజుకి 36, నాన్న కోసం అదనపు మంచం రోజుకి 25, ‘సౌకర్యాల రుసుము’ రోజుకి 22, ఆపైన పన్ను 61.80. ఆ సౌకర్యాలేమిటయ్యా అంటే కౌంటర్ దగ్గరతను స్విమ్మింగ్ పూల్ అన్నాడు. పూల్ తలుపుకి తాళం. మరమ్మతులని కాగితం అంటించారు. లిఫ్ట్ కూడా పనిచేయడం లేదు. మా గది నాలుగో అంతస్తులో. డెబ్బై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు అరిగిపోయినవాడు, ప్రతి మలుపు దగ్గరా ఆగి రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. కింద గది ఇవ్వమని అడిగితే ఖాళీ లేదన్నాడు. రుసుము గురించి అడిగితే, “మీరు ఒప్పుకున్న షరతుల్లోనే ఉంది సార్” అని స్క్రీన్ నా వైపు తిప్పాడు. నిజమే, ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో.

మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. బుక్ చేసింది నేనే మరి.

శనివారం ఉదయం స్టాక్స్ అనే పాటల రికార్డు కంపెనీ మ్యూజియానికి వెళ్లాం. మెంఫిస్ వచ్చినవాళ్లందరూ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌ల్యాండ్‌కి పరిగెడతారు. మేమూ ఆదివారం వెళ్లాం, ఇల్లు బాగుంది, జనం ఎక్కువ, అంతే. నన్నడిగితే మాత్రం ఒక్క పూటే ఉంటే స్టాక్స్ ఉన్న ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూకే వెళ్లండి. టికెట్ గ్రేస్‌ల్యాండ్‌లో సగం కూడా ఉండదు. సోమవారం మూసేస్తారు, చూసుకుని బయల్దేరండి.

స్టాక్స్ అంటే 1960ల్లో సోల్ పాటలకి, అంటే అమెరికా నల్లవాళ్ల ఒక రకం పాటలకి, పెట్టింది పేరు. జిమ్ స్టీవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ కలిసి పాత సినిమా హాలు అద్దెకి తీసుకుని రికార్డింగ్ స్టూడియో చేశారు. హాలు నేల ఏటవాలుగా ఉంటే అలాగే వదిలేశారు. అసలు భవనాన్ని 1989లో పడగొట్టారు. 2003లో అదే చోట మళ్లీ కట్టి మ్యూజియం పెట్టారు. స్టూడియో గదిలో ఆ ఏటవాలు నేల కూడా మళ్లీ పోశారు. నాన్న జాగ్రత్తగా అడుగులేస్తూ, “మన ఊళ్లో నేల టికెట్ హాలు ఇట్లాగే ఉండేది రా” అన్నారు. నిన్న మెట్లెక్కాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదటిసారి.

స్టాక్స్ గాయకుడు, పాటల రచయిత ఐజాక్ హేస్ కాడిలాక్ కారు దగ్గర అందరూ ఫోటోలు దిగుతున్నారు. బంగారు పూత, లోపల బొచ్చు పరిచిన నేల, టీవీ, ఫ్రిజ్. మా అమ్మాయి అక్కడే అతుక్కుపోయింది. నాన్న రికార్డులు పేర్చిన గోడ దగ్గర ఆగిపోయారు. విజయవాడ రేడియోలో పాటకి ముందు రచయిత పేరు చెప్పే రోజుల్లో పెరిగిన మనిషాయన. ఎవరు రాశారో తెలియందే ఆయనకి పాట విన్నట్టు ఉండదు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, గాజుకి ముక్కు ఆనించి, పాట పేరు కింద బ్రాకెట్లలో ఉన్న సన్న అక్షరాలు కూడబలుక్కున్నారు. “హేస్, పోర్టర్. ఇక్కడా హేస్, పోర్టర్. హేస్ అంటే కారున్నాయన. ఈ పోర్టర్ ఎవరు?”

నేను రాయాలనుకున్నది ఈ పోర్టర్ గురించే.

డేవిడ్ పోర్టర్ 1941లో మెంఫిస్‌లోనే పుట్టాడు. సరిగ్గా ఈ స్టూడియో ఎదురుగా, రోడ్డుకి అటువైపు ఉన్న కిరాణా కొట్టులో పనిచేసేవాడు. సరుకులు సంచుల్లో వేసి ఇస్తూ ఇక్కడేం జరుగుతోందో చూసి, రోడ్డు దాటి వచ్చాడు. ఇన్సూరెన్స్ కూడా అమ్మాడు. మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే హేస్‌కి పాలసీ అంటగట్టబోయి, ఇద్దరం కలిసి పాటలు రాద్దాం అనే దాకా వచ్చింది. పియానో దగ్గర హేస్, మాటలు ప్రధానంగా పోర్టర్. ఇద్దరూ కలిసి రాసినవి రెండు వందల దాకా ఉన్నాయి.

ఒకరోజు పోర్టర్ బాత్రూంలో ఉంటే బాణీ దొరికిన హేస్ తొందరపెట్టాడట. “ఆగవయ్యా, వస్తున్నా” అని లోపలి నుంచి అరిచాడు. అరిచిన మాటే పల్లవి అని తట్టి పరిగెత్తుకుంటూ వచ్చాడు. 1966లో శామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంట పాడిన ‘హోల్డ్ ఆన్, ఐయామ్ కమిన్’ అదే. ఆర్ అండ్ బి (నల్లవాళ్ల పాటల) చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. తర్వాతి ఏడాది డెట్రాయిట్‌లో అల్లర్లు. నల్లవాళ్ల దుకాణాల మీద ‘సోల్’ అని రాసి ఉంటే జోలికి పోలేదని హేస్ టీవీలో చూశాడు. అందులోంచి ‘సోల్ మ్యాన్’ పుట్టింది. గ్రామీ అవార్డు కూడా వచ్చింది. సోల్ అంటే ఆత్మేనా అని నాన్న అడిగితే, ఇక్కడ ‘మనవాడు’ అనుకోండి అన్నాను.

మరి ఆ జోడీ ఎందుకు ఆగిపోయింది? నన్ను పట్టుకున్నది అక్కడే. స్టాక్స్ రికార్డులని దేశమంతా పంచిపెట్టింది అట్లాంటిక్ కంపెనీ. 1965లో రాసుకున్న ఒప్పందంలో, పంచిపెట్టిన రికార్డుల మాస్టర్లన్నీ, అంటే అసలు రికార్డింగులన్నీ, అట్లాంటిక్‌వే అని ఒక షరతు ఉంది. జిమ్ స్టీవర్ట్ సరిగా చదవకుండా సంతకం పెట్టాడు. 1968లో విడిపోయేటప్పుడు గానీ సంగతి తెలియలేదు. అన్నేళ్ల పాటలూ పోయాయి. శామ్ అండ్ డేవ్ అట్లాంటిక్ మనుషులే కాబట్టి వాళ్లూ వెళ్లిపోయారు. పోర్టర్ మాటలకి ప్రాణం పోసిన గొంతులవి. ఆ తర్వాత హేస్ సొంతంగా పాడి పెద్ద స్టార్ అయ్యాడు. పోర్టర్ కూడా తన ఆల్బమ్‌లు చేశాడు కానీ అంత పేరు రాలేదు. 1975 చివర్లో స్టాక్స్ దివాలా తీసింది. 2005లో పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇద్దరినీ చేర్చారు.

ఆ ఒప్పందం సంగతి చెబుతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “పోనీలెండి, 44 డాలర్లే కదా” అంది. రాత్రి నుంచీ పేరుకున్న బరువంతా దిగిపోయింది నాకు.

మధ్యాహ్నం దగ్గర్లో ఒక చిన్న సోల్ ఫుడ్ (ఇక్కడి నల్లవాళ్ల ఇంటివంట) హోటల్‌లో తిన్నాం. నలుగురికి 61 డాలర్ల 40 సెంట్లు, టిప్పు కాక. నాన్న శాకాహారి, ఏం తింటారో అని టెన్షన్ పడ్డాం. బెండకాయ వేపుడు, అలసందలు, మొక్కజొన్న రొట్టె. అలసందలు మెత్తగా ఉడికి, మిరియాల ఘాటుతో, అచ్చం మన వైపు వండినట్టే ఉన్నాయి. వడ్డించే పెద్దావిడ అడక్కుండానే “ఆకుకూరలో పంది మాంసం వేశాం, ఆయనకి వద్దు” అని పళ్లెం పక్కకి జరిపేసింది. శాకాహారులు ఆకుకూర, అలసందలు రెండింట్లోనూ మాంసం వేశారేమో అడిగాకే తినండి. అన్నిచోట్లా ఆవిడలా చెప్పేవాళ్లుండరు.

సాయంత్రం మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన లొరేన్ మోటెల్ చూశాం. స్టాక్స్ వాళ్లు కూర్చుని పాటలు రాసుకున్న చోటు కూడా అదే. అక్కడ ఎవరికీ మాటలు రాలేదు.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి కారులో ఆ పాటలన్నీ వరసగా పెట్టింది. ప్రతి పాటకీ ఫోన్‌లో వెతికి రచయిత పేరు చెప్పమని తాతయ్య అడుగుతూనే ఉన్నారు. అర్కాన్సాస్‌లో కాఫీకి ఆగినప్పుడు చూశాను, జేబు డైరీలో బాల్‌పెన్‌తో గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నారు: “గానం: శామ్, డేవ్. సంగీతం: ఐజాక్ హేస్. రచన: డేవిడ్ పోర్టర్.” కింద బ్రాకెట్లలో, “కిరాణా కొట్టు అబ్బాయి.”