కర్ణభేరి చిల్లుకు వైద్యం: విజయనగరంలోని ఒక ఈఎన్‌టీ క్లినిక్‌

ఈ క్లినిక్‌లో కూర్చోవడానికి కుర్చీలు చాలవు, టోకెన్ల వరుసకు ఒక పద్ధతంటూ లేదు. వైద్యం విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు లేదు. జలుబు ముదిరి చెవిపోటుతో రాత్రంతా ఏడ్చిన మా మేనల్లుడికి తెల్లవారేసరికి నొప్పి హఠాత్తుగా తగ్గి, దిండు మీద చీము మరక కనిపించింది. వైద్యురాలు చీమును పీల్చి శుభ్రం చేసి, కర్ణభేరికి పడిన చిన్న చిల్లును తెరపై చూపించి, మధ్యచెవిలో నిండిన చీము ఒత్తిడికి పొర చిరగడం వల్లనే నొప్పి తగ్గిందని వివరించారు. చెవిలో తిప్పే దూది పుల్లలు (ఇయర్‌బడ్లు), చెంపదెబ్బ, విమానంలో గాలి ఒత్తిడి మార్పు కూడా ఇలా చిల్లు పడడానికి కారణాలేనట.

ఇన్‌ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ రాశారు. చాలా చిల్లులు కొన్ని వారాల నుంచి 3 నెలల లోపు వాటంతటవే పూడుకుంటాయని, పూడకపోతే చెవి పైభాగపు కండరాన్ని కప్పి ఉండే పొరలో కొంత తీసి అతికించే టింపనోప్లాస్టీ అనే శస్త్రచికిత్స అవసరం కావచ్చని చెప్పారు. మా అమ్మ కాచి సిద్ధంగా ఉంచిన వెల్లుల్లి నూనె మాట వినగానే, చెవిలో ఒక్క చుక్క కూడా వేయవద్దని గట్టిగానే హెచ్చరించారు. స్నానానికి ముందు వాజిలిన్ రాసిన దూది పెట్టాలని, చెరువులో ఈత మానాలని, ముక్కు గట్టిగా చీదకూడదని తెలుగులో రాసిచ్చారు.

వినికిడి పరీక్షకు వేరే చోటికి వెళ్లవలసి రావడం అసౌకర్యమే. వెళ్లదలచినవారు ఉదయమే టోకెన్ తీసుకోవడం మేలు.