హెచ్‌వై-8: తూము లెక్కలకి మూడేళ్లుగా నేను వాడుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్

గ్రామీణ రోడ్ల డిజైన్ పని చేసేవాళ్లకి, అందులోనూ కొత్తగా ఉద్యోగంలో చేరి మొదటి కల్వర్టు (రోడ్డు కింద నీళ్లు దాటే తూము) లెక్క చేతికొచ్చి టెన్షన్ పడుతున్నవాళ్లకి ఈ రివ్యూ రాస్తున్నాను. హెచ్‌వై-8ని అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ ఉచితంగా ఇస్తుంది. విండోస్‌లోనే నడుస్తుంది. మామూలు లాప్‌టాప్ చాలు, లైసెన్సు గొడవ లేదు, ఒకసారి దించుకుంటే సైటు దగ్గర నెట్ లేకపోయినా పనైపోతుంది.

మా దగ్గర తూము లెక్క చాలా ఏళ్లు ఎలా నడిచిందంటే, వాన నీటి డిశ్చార్జి, అంటే సెకనుకి ఎంత నీరు వస్తుందో లెక్కకట్టడం, దాన్ని ఒక వేగంతో భాగించడం, వచ్చిన వైశాల్యానికి సరిపడా హ్యూమ్ పైపులు (గుండ్రటి కాంక్రీటు పైపులు) వేసెయ్యడం. అలా వేసిన రెండు పైపుల తూము ఒకటి మా ఊరి దారిలోనే ఉంది. గట్టి వాన పడితే చాలు నీళ్లు రోడ్డెక్కేవి. ఒక ఏడాది పక్క గట్టు కోసుకుపోయి బడి పిల్లల ఆటో రెండు వారాలు చుట్టు తిరిగి వెళ్లింది. తీరా చూస్తే పైపులు పగల్లేదు, పూడిపోలేదు, ఎవరూ దొంగ సిమెంటు వాడలేదు. మరి తేడా ఎక్కడొచ్చిందో నాకు అర్థమైంది ఈ సాఫ్ట్‌వేర్‌లో ఆ తూముని పెట్టి చూశాకే.

తూములో నీటిని ఆపేది రెండు చోట్ల ఉండచ్చు. ఒకటి పైపు మూతి, అంటే మూతి దగ్గరే నీళ్లు ఇరుకై వెనక్కి ఎగదన్నడం. దీన్ని ఇన్‌లెట్ కంట్రోల్ అంటారు. రెండోది అవుట్‌లెట్ కంట్రోల్, అక్కడ పైపు లోపలి రాపిడి, దిగువ నిలిచిన నీరు కలిసి అడ్డుపడతాయి. హెచ్‌వై-8 రెండు లెక్కలూ చేసి ఏది ఎక్కువ ఎత్తు చూపిస్తే దాన్నే ఎగువ నీటిమట్టంగా తీసుకుంటుంది. రోడ్డు మీద నుంచి ఎంత పొర్లుతుందో కూడా విడిగా చెబుతుంది, నీటి బొమ్మ గీసి చూపిస్తుంది. చేత్తో చేస్తే పూట పట్టే పని, బటన్ నొక్కగానే వస్తుంది.

మా ఊరి తూము అంకెలు చెబుతాను. పరివాహకం (తూముకి నీళ్లు వచ్చే నేల) 60 హెక్టార్లు, రనాఫ్ గుణకం (పడిన వానలో పారి వచ్చే వంతు) 0.4, గంటకి 80 మి.మీ. వాన అనుకుంటే డిశ్చార్జి సుమారు 5.3 క్యూమెక్కులు, అంటే సెకనుకి 5.3 ఘనపు మీటర్లు. రెండు 1200 మి.మీ. పైపులు, 12 మీటర్ల పొడవు, వందకి ఒకటి వాలు. రోడ్డు కాలువ అడుగుకి 1.8 మీటర్ల ఎత్తు. దిగువన అడ్డేమీ లేదని పెడితే ఎగువ నీళ్లు దాదాపు 1.5 మీటర్ల దగ్గర ఆగాయి. లెక్క ప్రకారం తూము బాగానే ఉందన్నమాట, కానీ నీళ్లు రోడ్డెక్కుతున్నాయి కదా!

పక్క పొలం రైతుని అడిగితే, "వానప్పుడు కింద మురుగు కాలువ నిండే ఉంటది సారూ, ఇక నీళ్లు ఎటు పోతాయి?" అని తాటి చెట్టు మొదలు మీద ఎండిపోయిన బురద గీత చూపించాడు. ఆ గీత లెవెల్ తీస్తే పైపు దిగువ అడుగు నుంచి 1.5 మీటర్లు. అది దిగువ నీటిమట్టంగా ఇచ్చి మళ్లీ నడిపితే ఎగువ నీళ్లు 1.8 దాటి రోడ్డెక్కేశాయి. మూడో పైపు పెడితే 1.6 దగ్గర ఆగాయి. సాఫ్ట్‌వేర్ మనం ఇచ్చిందే నమ్ముతుంది కాబట్టి దిగువ నీటిమట్టం గడి ఖాళీగా వదిలేయకండి, ఊరివాళ్లని అడిగి నింపండి.

ఇంకొకటి, మూతి ఆకారం. సాకెట్ (పక్క పైపు దూరే వెడల్పాటి మూతి) ఉన్న పైపు చివరని ఎగువ వైపు పెట్టి హెడ్‌వాల్ (పైపు మూతి చుట్టూ కట్టే గోడ) కడితే, దిగువ అడ్డు లేని సందర్భంలో ఇదే తూముకి నీళ్లు సుమారు 10 సెంటీమీటర్లు తగ్గుతాయి. పైపు తిప్పి పెట్టడానికి పైసా ఖర్చు లేదు, దించేటప్పుడు మేస్త్రికి ఎటు తిప్పాలో చెబితే చాలు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, మూతి రకాలు మారుస్తూ అంకెలు చూస్తుంటే దొరికింది.

లోపాలు లేకపోలేదు. వాన నుంచి డిశ్చార్జి ఇది కట్టదు, అది ఐఆర్‌సీ ఎస్‌పీ 13 (చిన్న వంతెనలు, కల్వర్టుల డిజైన్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శి) చూసుకుని మనమే లెక్కకట్టుకోవాలి. మూతికి అడ్డం పడ్డ చెత్త, కంప సంగతి దీనికి తెలియదు. యూనిట్లు మీటర్లలో ఉన్నాయో అడుగుల్లో ఉన్నాయో మొదట్లోనే చూసుకోండి, నేను ఒకసారి సగం పని అయ్యాక గమనించాను.

రోడ్డు పక్క సైడు కాలువలకి ఇది కాదు, అదే సంస్థది హైడ్రాలిక్ టూల్‌బాక్స్ అని ఇంకొకటి ఉంది, అదీ ఉచితమే. అందులో ఒక లెక్క తప్పకుండా చేసి చూడండి: అడుగు వెడల్పు 60 సెం.మీ., లోతు 60 సెం.మీ., ఒకటికి ఒకటి పక్క వాలు, పొడవునా వెయ్యికి రెండు వాలు. సిమెంటు లైనింగ్‌కి మ్యానింగ్ గుణకం (కాలువ ఎంత గరుకో చెప్పే అంకె) 0.015 పెడితే దాదాపు 1 క్యూమెక్ పారుతుంది. గడ్డి పెరిగిందనుకుని 0.035 పెడితే 0.42కి పడిపోతుంది, సగం కూడా కాదు. కాలువ అదే, కొలతలు అవే. అందుకే ఇప్పుడు నా రిపోర్టుల్లో రెండు అంకెలూ పక్కపక్కన రాస్తున్నాను, ఏడాదికి రెండుసార్లు గడ్డి కోసే ఖర్చు కూడా ఎస్టిమేట్లో పెడుతున్నాను.

హెచ్‌వై-8కి నా మార్కులు అయిదుకి నాలుగున్నర. మా తూముకి మూడో పైపు పోయిన వేసవిలో పడింది. ఆగస్టు వానకి వెళ్లి చూస్తే నీళ్లు రోడ్డుకి జానెడు కిందే ఆగి ఉన్నాయి, ఆటో దాని మీదుగానే పోయింది.