ఆపరేషన్‌కు ముందు మెదక్‌లో రెండు రోజులు

అమ్మ వెన్నెముక ఆపరేషన్‌కు పది రోజుల గడువుంది. ఇంట్లో కూర్చుంటే టెన్షనే. "మెదక్ చర్చికి పోయొద్దాం" అంది అమ్మ.

నెల కిందట ఒక పెద్ద స్వస్థత కూటానికి వెళ్లి దెబ్బతిన్నాం. నాలుగు గంటలు ప్లాస్టిక్ కుర్చీలు, చెవుల పక్కనే స్పీకర్లు. నొప్పి పోలేదంటే అమ్మ విశ్వాసం చాలలేదన్నారు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసే ఈ శ్రమల గిన్నె తొలగించమని దేవుణ్ణి అడిగాడు. తొలగలేదు మరి!

సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండ్ నుంచి బస్సెక్కాం. దూరం సుమారు 100 కిలోమీటర్లే అయినా దాదాపు మూడు గంటలు పట్టింది. నడుంనొప్పి ఉన్నవాళ్లు వెనక సీట్లలో కూర్చోవద్దు. లాడ్జిలో మాకు రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. వేడినీళ్లు పొద్దున బకెట్ లెక్కనే. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి కింది గది అడగండి.

చర్చికి మామూలు రోజున వెళ్లడమే మేలు. క్రిస్మస్‌కు జనసముద్రం, అప్పుడు నిలబడటానికే చోటు దొరకదు. మేం వెళ్లింది బుధవారం కాబట్టి లోపల పది మంది కూడా లేరు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పున్న హాలు, పైన 175 అడుగుల గోపురం. బలిపీఠం వెనక రంగుటద్దాల్లో యేసు పరలోకానికి ఎక్కిపోయే ఆరోహణం, పక్కల్లో ఒకవైపు జననం, ఇంకోవైపు సిలువ. ఎండ పడితేనే ఆ బొమ్మలు వెలుగుతాయి, సాయంత్రానికి నల్లబడిపోతాయి. కాబట్టి పొద్దున్నే వెళ్లండి. ఫోటోల కోసం వచ్చేవాళ్లు తక్కువగా ఉండేదీ అప్పుడే.

అమ్మ సిలువ కిటికీ ఎదురుగా కూర్చుని చాలాసేపు కదల్లేదు.

"మా తాత ఈడ రాళ్లు మోసిండు బిడ్డా" అంది చివరికి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. 1914లో మొదలైన కట్టడం 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. కరువు కాలం. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ జనానికి ఊరికే గంజి పోయకుండా పని చూపించి, ఆ పనికి తిండి పెట్టించాడని చెప్తారు. నాకు బైబిల్లోని యోసేపు గుర్తొచ్చాడు. ఏడు పంటల ఏళ్లలో కొట్లు నింపాడు కాబట్టే కరువులో ఐగుప్తు (ఈజిప్టు) తిన్నది. ఆకలేసినప్పుడు విత్తనం వేస్తే ఏం లాభం?

"అమ్మా, నీకు భయం లేదా?"

"ఎందుకుండదు? ఎంఆర్ఐ గొట్టంలకు బైబిలు తేనియ్యరు, ఫోనూ తేనియ్యరు. చిన్నప్పుడు సండే స్కూల్ల బట్టీ పట్టిన ఇరవై మూడో కీర్తనే నాతోని లోపలికొచ్చింది."

నాకేమో ఫోన్లో బైబిలు ఉంది, నోటికి సగం కీర్తన కూడా రాదు.

ఆటోవాళ్లు ఏడుపాయల గుడి, మెదక్ ఖిల్లా చూపిస్తామన్నారు. ఖిల్లా ఎక్కడం అమ్మ వల్ల కాదు కాబట్టి వద్దన్నాం. రెండో రోజు కూడా చర్చికే వెళ్లాం. మెట్లు మెల్లగా ఎక్కించాను. బస్టాండ్ దగ్గర భోజనంలో కారం ఎక్కువ, పెరుగన్నంతో సరిపెట్టుకుంది.

తిరుగు బస్సులో అమ్మ నాకు ఆ కీర్తన మీద పరీక్ష పెట్టింది. మూడు వచనాలు బాగానే చెప్పాను, నాలుగో దగ్గర ఆగిపోయాను. "మళ్ల మొదటికెళ్లి" అంది. నర్సాపూర్ దాటేదాకా వదల్లేదు.