వాలు పెరడు: రాతి కట్టు మేలా, బ్లాకు గోడా, వట్టివేరా?

20 అడుగుల వెడల్పున్న పెరడు. ఇంటి గోడ నుంచి కాంపౌండు దాకా 16 అడుగుల దూరంలో నేల 4 అడుగులు దిగుతుంది. బెంగళూరులో రాజరాజేశ్వరి నగర్ లాంటి ఎత్తుపల్లాల చోట్ల ఇలాంటివి కనిపిస్తాయి. దీన్ని సొంతంగా చక్కదిద్దుకోవాలంటే మూడు దారులు: సిమెంటు లేకుండా పేర్చే రాతి కట్టు, సాలిడ్ (లోపల బోలు లేని) కాంక్రీటు బ్లాకుల గోడ, వాలును కదపకుండా వట్టివేరు వరసలు. ఇంటివాళ్లే చేసుకునే పనికి మా ఓటు రాతి కట్టుకే, అదీ రెండడుగుల ఎత్తు వరకే.

కారణం నీళ్లు. రెండడుగుల గోడ వెనక నీరు పూర్తిగా నిండితే, పొడిమట్టి ఒక్కటే ఉన్నప్పటితో పోలిస్తే దాని మీద ఒత్తిడి దాదాపు రెండింతలవుతుంది. బెంగళూరులో వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఎండాకాలంలో నిటారుగా నిలిచిన గోడ అప్పుడు ముందుకు వాలుతుంది. రాతి కట్టుకి ప్రతి సందూ నీటికి దారే. కొద్దిగా జరిగినా పైవరసలు విప్పి మళ్లీ పేర్చుకోవచ్చు. బ్లాకు గోడ వాలిందంటే పగలగొట్టాల్సిందే.

బ్లాకు గోడకూ సుగుణాలున్నాయి. తక్కువ చోటు పడుతుంది, పని త్వరగా తెములుతుంది, బ్లాకు కొలత ఎప్పుడూ ఒక్కటే. కానీ 6 అంగుళాల బ్లాకుతో సరిపెట్టుకోవద్దు, 8 అంగుళాల సాలిడ్ బ్లాకే వాడాలి. అడుగున కాంక్రీటు పునాది, వెనక కంకర, నాలుగైదు అడుగులకొకటి చొప్పున 2 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు బయటికి వాలుగా ఉండాలి. చాలామంది ఈ పైపులు పెడతారు, వాటి వెనక కంకర మాత్రం వేయరు. ఒక్క వానాకాలానికే మట్టి చేరి అవి మూసుకుపోతాయి. 8 అంగుళాల గోడ పొడిమట్టినే అంతంతమాత్రంగా ఆపుతుంది. పైపు మూసుకుంటే ఇక నిలవదు.

రాతి కట్టుకి ముందు లెవెల్ పైపుతో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో) వాలు కొలవండి. ఇంటి నుంచి 4 అడుగుల దగ్గర ఒక కట్టు, 12 అడుగుల దగ్గర ఇంకొకటి, ఒక్కోటి 2 అడుగుల ఎత్తు. ఇలా గుర్తిస్తే తవ్వే మట్టి, నింపే మట్టి దాదాపు సమానమవుతాయి. బయట నుంచి లారీ మట్టి తెప్పించక్కర్లేదు. కాంపౌండు గోడ దగ్గర తవ్వాల్సిన పని కూడా ఉండదు. ఆ గోడకు ఆనించి మట్టి నింపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, మట్టిని ఆపడానికి కట్టిన గోడ కాదది.

పైనున్న సారవంతమైన మట్టిని అరడుగు మేర తీసి పక్కన కుప్ప పోయండి. పునాది కాలువ 9 అంగుళాల లోతు, అడుగున్నర వెడల్పు. కాలువ అడుగుభాగం గట్టిమట్టి మీదే ఉండాలి, నింపిన మట్టి మీద కాదు. కట్టు మందం అడుగున ఒకటిన్నర అడుగులు, పైన ఒక అడుగు. ముందు ముఖం అడుగు ఎత్తుకు 2 అంగుళాల చొప్పున ఎగువకు, అంటే ఇంటివైపుకు వాలాలి. రాయి పొడుగును లోపలికి పెట్టాలి, కింది రెండు రాళ్ల సందు మీదికి పై రాయి రావాలి. నాలుగైదు అడుగులకొకటి, కట్టు మందమంతా దాటే పొడుగు రాయి వేయకపోతే ముందువరస ఉబ్బి విడిపోతుంది.

20 అడుగుల కట్టు ఒక్కదానికి, పునాది కాలువలో వేసేవి కాక, 9 × 9 × 6 అంగుళాల సైజు రాళ్లు సుమారు 175 పడతాయి. పదో వంతు అదనంగా తెప్పించండి. ఒక్కోటి 20 కిలోలు దాటుతుంది, అంటే మొత్తం మూడున్నర టన్నులకు పైనే. రెండు కట్టులకు దీనికి రెట్టింపు. మోసేవాళ్లు లేకపోతే ఈ దారి పట్టకండి. కట్టు వెనక 9 అంగుళాల మందాన 20 ఎంఎం కంకర, ఒక్కో కట్టుకి సుమారు 30 ఘనపుటడుగులు. కంకరకీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) వేయకపోతే ఎర్రమట్టి నెమ్మదిగా కంకరలోకి దిగి దారి మూసేస్తుంది. నింపే మట్టిని 6 అంగుళాల పొరలుగా, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి పోసి పైన తొక్కితే వానలకు కుంగుతుంది.

వాలు మూడడుగులకు ఒక అడుగు కంటే తక్కువైతే, చదును నేల అక్కర్లేకపోతే, వట్టివేరే చవకైన దారి. బెంగళూరు నర్సరీల్లో లావంచ అంటే దొరుకుతుంది. మైసూరు దగ్గరి గుండ్లుపేట రైతులు తరాలుగా దీన్ని గట్ల మీద పెంచుతున్నారు. వేళ్లు రెండుమూడు మీటర్ల లోతుకు దిగుతాయి. ఒకే ఎత్తు గీత వెంట 4 నుంచి 6 అంగుళాలకొక పిలక, వరసకూ వరసకూ మధ్య 3 అడుగుల ఎత్తు తేడా. మన పెరటికి ఒక వరస చాలదు, పైన ఒకటి, కింద ఒకటి వేయండి. 20 అడుగుల వరస ఒక్కోదానికి 40 నుంచి 60 పిలకలు. జూన్‌లో నాటి, మొదటి నెలలో ఎండిపోకుండా నీళ్లు పోయాలి. మామిడి నీడ పడే చోట మాత్రం ఇది బతికినా పట్టు ఇవ్వదు, అక్కడ రాతి కట్టే.

గాబియన్ బుట్టల (రాళ్లు నింపిన ఇనుపతీగ బుట్టల) గోడ బలమైనదే, కానీ ఇంత చిన్న పెరటికి చోటు దండగ.

ఒక్కో మెట్టు ఎత్తు నాలుగడుగులు దాటితే ఏ పద్ధతైనా ఇంజనీరుకి చూపించే కట్టాలి. దిగువ కట్టు ముందు, ఎగువది తర్వాత. ప్రతి మెట్టు నేలనీ 50 అడుగులకు ఒక అడుగు చొప్పున పక్కకు వాల్చి, ఆ నీటిని ఇంకుడు గుంతకి చేర్చండి. పక్కింటి వైపు వదిలితే వాళ్ల కాంపౌండు గోడకి అదే కష్టం మొదలవుతుంది.